మూడో వేలు

ఫాంగ్లియావ్ దాటాక, సముద్రం రోడ్డు పక్కకి జరిగే చోట
నా అద్దాల కొట్టు.
ఆకుపచ్చ గొట్టపు దీపాలు, ఎత్తు కుర్చీ, ఐసు పెట్టె,
సున్నం డబ్బా, తడిగుడ్డ కింద ఆకులు.
పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే కూర్చుని
పచ్చివక్క చీల్చి, సున్నం రాసి, ఆకు చుడుతున్నాను.
నేను నమలను. ఒక్కసారీ నమల్లేదు.
ఆ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని.

తెల్లారగట్ల నాలుగూ నలభైకి
హెంగ్‌చున్ నుంచి ఉల్లిపాయల లారీ.
లారీ కన్నా ముందు వాసన వస్తుంది.
లియోంగ్ దిగడు, కిటికీలోంచి చెయ్యి చాపుతాడు,
నేను ఎన్ని అని అడగను.
రెండు పొట్లాలు, నీళ్ల సీసా, ఉమ్మడానికో కాగితం కప్పు.
ముప్ఫై ఏళ్ల దారి
అతని పళ్ల మీద ఎర్రగా ఉంది.

తుఫానుల కాలం పోయాక
చేపల మార్కెట్ దగ్గర ఆసుపత్రి వ్యాను ఆగింది.
డాక్టరమ్మ, అతని కూతురి ఈడుది, నోరు తెరవమంది.
"మీ వేళ్లే పెట్టుకోండి, నిలువుగా. మూడు పట్టాలి."
రెండు పట్టాయి.
మూడోది పెదవి దగ్గర
తాళం వేసిన ఇంటి ముందు చుట్టంలా
నిలబడిపోయింది.

మర్నాడు లారీ ఆగింది. అతను దిగాడు.
ఎప్పుడూ దిగగా చూడలేదు, ఇంత పొట్టివాడా అనుకున్నాను.
"అడిగినా ఇవ్వకు."
"ఏడ్చినా?"
"ఏడ్చినా."
నీళ్లకి డబ్బిచ్చి వెళ్లిపోయాడు.

తర్వాత రోజుకొకటి నమిలాడు:
అల్లం ముక్క, పళ్లపుల్ల, ప్లాస్టిక్ గొట్టం,
చలికోటు తాడు కొస.
"నోరు ఊరుతుంది, షూ-చిన్. ఊరుకోమంటే ఊరుకోదు.
వంపు వంపుకీ నిద్ర వచ్చి పక్కసీట్లో కూర్చుంటుంది."
నేను తల ఊపాను.
ఊపుతూనే వెనక ఆగిన ట్యాంకరుకి నాలుగు పొట్లాలు కట్టాను.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకూడదనే అనుకున్నాను.
నా కుడి బొటనవేలి గోరు కింద
బూడిద రంగు పొడి ఉంటుంది.
చూసినవాళ్లు సున్నం అనుకుంటారు.
సున్నం తెల్లగా ఉంటుంది.
రోజూ గల్లా లెక్క తేలాక
ఎదురు దుకాణంలో రెండు వందల లాటరీ చీటీ,
నాణెంతో కాదు, గోటితోనే గీకాలి నాకు.
కొత్త ఫ్రిజ్ డబ్బు,
దవడపన్ను కట్టించుకోవాల్సిన డబ్బు
పొడి పొడిగా రాలి గోటికింద చేరింది.
ఓడిన రోజు పర్వాలేదు, తిట్టుకుని పడుకుంటాను.
గెలిచిన రోజే భయం.

నలభై ఒకటో రోజు.
కొండగాలి టార్పాలిన్‌ని చావబాదుతోంది.
కిటికీలోంచి చెయ్యి వచ్చింది.
"ఒక్కటి" అన్నాడు.
ఉల్లిపాయల ధర చెప్పినట్టు, మామూలుగా.
ఏడ్చి ఉంటే ఇచ్చేదాన్ని కాదు.
ఒక్కటి అమ్మను కదా, పొట్లమే ఇచ్చాను.
డబ్బు తీసుకున్నాను.
చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాను,
అదొక్కటే నన్ను ఇప్పటికీ నిద్రలేపుతుంది.
ఆ సాయంత్రం మూడు చీటీలు గీకాను.

మర్నాడు అదే వేళకి లారీ.
అతను దిగాడు.
పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు, ఒకటి తక్కువ.
"ఒకటో రోజు" అన్నాడు.
"నాకూ" అన్నాను.
దేనికని అడగలేదు.
నా గోరు వంక చూశాడు, లేదా నాకలా అనిపించింది.

లారీ పక్కద్దం ముందు నిలబడి నోరు తెరిచాడు.
ఒక వేలు. రెండు.
మూడోదాని గోరంచు.
నిజంగా పట్టిందో, పెదవినే పక్కకి తోశాడో
ఆ పచ్చ వెలుతుర్లో తేల్చుకోలేకపోయాను.
అడిగితే అతనూ చెప్పేవాడు కాదు.

వెనక ఎవరో హారన్ కొట్టారు,
ఇటుకల లారీ, కొత్త కుర్రాడు, ఇంకా తెల్లని పళ్లు.
చెయ్యి సున్నం డబ్బా మీదికి దానంతటదే వెళ్లింది.
"ఎన్ని?" అన్నాను.